లాభం, రెండు, మూడు

ఇరవై రెండేళ్లు గంప మోశాను.
మొప్ప ఎత్తి చూడగానే చెప్పేదాన్ని
ఇది తెల్లారుజాము వలది, ఇది నిన్నటి ఐసుది అని.
చేప బతికుండగా మనల్ని ఎలా చూస్తుందో
ఒక్కనాడూ తెలీదు.

అండమాన్లో పని మానేసి వచ్చిన మేనల్లుడు లోవరాజు
ఒక అద్దం, ఒక గొట్టం తెచ్చాడు.
"అద్దంలో ఉమ్మెయ్యత్తా, ఉమ్మి రుద్దితే మసక పట్టదు."
ఏటా పసుపూ కుంకుమా ఇచ్చే సముద్రం ఎదురుగా నిలబడి
ఉమ్మేశాను.
గట్టు మీద వల బాగుచేస్తున్న ముసలాళ్లు
పళ్లు లేని నోళ్లతో నవ్వారు.

సరుగుడు కర్రకి మూడు సైకిలు పుల్లలు,
వెనకాల ట్యూబు ముక్క.
ఇదే ఈటె.

మా అంతర్వేది నీళ్లకి
తేట అనేది చుట్టంలా వస్తుంది.
గోదారి ఎరుపంతా దింపేసుకుని సన్నబడ్డాక,
మాఘం వెళ్లాక,
అష్టమికో నవమికో అటూ ఇటూగా
పోటుకీ పాటుకీ ఇద్దరికీ బద్ధకం వేసిన పూట
సముద్రం ముంజ రంగులోకి దిగుతుంది.
ఆ నాలుగు రోజులే.

చీర గోచీ పోసి, లోవరాజు చొక్కా తొడుక్కుని
మొహం ముంచాను.
మొదట నా ఊపిరే వినిపించింది,
పక్కింట్లో ఎవరో గురకపెట్టినట్టు.
తర్వాత పేలాలు వేగుతున్న చప్పుడు.
రొయ్యలట.
లోపల ఇంత గోల పెట్టుకుని
పైకి ఏమీ ఎరగనట్టు ఎలా ఉందమ్మా ఇన్నేళ్లూ!

ఒడ్డుకి పది బారల దూరంలో మా పాత వీధి.
ఒక తుఫాను కాదు, మూడు తుఫాన్లు తిన్న వీధి.
గోడలు ఇసకయ్యాయి గానీ
నూతి ఒరలు రెండు అలాగే ఉన్నాయి.
ఏ ఒరకి మోకాలు ఆనించి చేద లాగేదాన్నో
అందులోంచి కొయ్యింగల గుంపు
పెళ్లివారిలా తోసుకుంటూ బయటికొచ్చింది.
నన్ను చూసి ఆగింది,
బేరమాడే మనిషిని పోల్చుకున్నట్టు.

ఊపిరి బిగబట్టి
అమ్మ చేపలు లెక్కపెట్టినట్టే లెక్కపెట్టాను:
లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు,
ఆరున్నొకటి.
ఏడు అనం.
గంప దగ్గరే అనం, నీళ్లలో అసలే అనం.
ఎనిమిది దగ్గర గుండె తలుపు కొట్టింది.
వదిలాను.

కర్ర ఇసకలో దిగింది.
వడ్డీవాడి మాటలా నీళ్లు
ప్రతిదాన్నీ దగ్గర చేసి చూపిస్తాయి.
ఆ రోజు పదకొండుసార్లు ఇసకనే పొడిచాను.
మర్నాడు ఒక కొబ్బరి డొక్కని.
మూడోనాడు నా కొంగుని.
లోవరాజు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

నాలుగో రోజు పొడవాలనే అనుకోలేదు.
ఒక కొయ్యింగ ఒంటరిగా ఒర అంచున నాచు గీకుతోంది,
ముసలమ్మ గిన్నె అడుగు గీకినంత శ్రద్ధగా.
నేనలా చూస్తూనే ఉన్నాను.
గుప్పిట దానంతటదే తెరుచుకుంది.

ఈటె వణుకు మోచేతి దాకా వచ్చింది.
ఇన్నేళ్లలో ఎన్ని వేలు తూచానో,
ఒక్కటీ ఇంత బరువు లేదు.
ఒడ్డున కాటాలో వేస్తే అరకిలో.
మొగ్గు చూపిస్తే ఇంకో యాభై గ్రాములు.

సాయంత్రం గంపలో అన్నిటి మధ్యా పెట్టాను.
సఖినేటిపల్లి టీచరమ్మ దాన్నే తీసింది.
"ఇదేంటి, మూడు బొక్కలు? ఇరవై తగ్గించు.
తాజాదేనా అసలు?"
అలవాటుగా మొప్ప ఎత్తబోయి ఆగిపోయాను.
"తాజాదేనండి, ఆయ్.
పొద్దున మా నూతి కాడ నాచు తింటా ఉంది."
ఆవిడ నవ్వింది.
ఇరవై తగ్గించే ఇచ్చింది.

రేపు ఏకాదశి. ఈడ్పు మొదలవుతుంది,
నుయ్యి మళ్లీ మసకలోకి పోతుంది.
అద్దం ఇంకా కడగలేదు.
చూరుకి వేలాడుతోంది,
అంచున నా ఉమ్మి ఎండి,
తెల్లటి చార.